రెండు వందల పద్నాలుగేళ్ళ బుజ్జికి తాళంచెవి దేనికండీ?

మనిషి తొందరపడి పెద్దవాడైపోవడమే లోకంలోని సమస్త కష్టాలకూ మూలం! ఈ మాట ఊరికే అనడం లేదు. మా వీధి చివర కాపురముంటున్న వెయ్యేళ్ళవాళ్ళను ఏళ్ళ తరబడి దగ్గరి నుంచి చూసి అంటున్నాను.

మనం నూరేళ్ళవాళ్ళం. నూరేళ్ళన్నది పేరుకే, డెబ్బై దాటేసరికి మోకాళ్ళు రాజీనామా ఇచ్చేస్తాయి. అందుకే మనకంత హడావిడి. ఇరవై ఒకటికి డిగ్రీ, ఇరవై అయిదుకి ఉద్యోగం, ముప్పైకి పిల్లలు, నలభైకి బీపీ! ఇదీ ఒక బతుకేనా?

వాళ్ళను చూడండి. ఒకటో తరగతి పదకొండేళ్ళు చదువుతారు. పాలపళ్ళు అరవయ్యో ఏట ఊడతాయి. మగపిల్లలకు గొంతు మారడానికే తొమ్మిదేళ్ళు. అన్నాళ్ళూ వాళ్ళు ఫోనెత్తితే అవతలివాళ్ళు "అమ్మగారూ" అని మొదలుపెట్టి "సారీ సార్" అని ముగిస్తారు. ఇక టీనేజ్! తొంభైలో మొదలై నూట అరవై దాకా. డెబ్బై ఏళ్ళపాటు తలుపులు దభాలున వేసుకోవడమే. ఒక ఇంట్లో ఆ కాలంలో నాలుగు తలుపులు మార్చారు, ముగ్గురు వడ్రంగులు రిటైరయ్యారు. అయినా ఆ తల్లి విసుక్కోలేదు. "వయసు అలాంటిది. ఇంకో యాభై ఏళ్ళలో అదే సర్దుకుంటుంది" అందట. ఎంత ఓర్పు!

ఆ తల్లి కొడుకే బుజ్జి. వయసు రెండు వందల పద్నాలుగు. తాళాలు చేయడం వాళ్ళింటి పని. బ్యాంకు లాకరు మొరాయించినా, కారు డోరు బిగుసుకుపోయినా ఊరంతా బుజ్జినే పిలుస్తుంది. చెవి ఆనించి విన్నాడంటే చాలు, ఎంత మొండి తాళమైనా తన కష్టసుఖాలన్నీ చెప్పేసుకుంటుంది. సొంత కొట్టు తాళంచెవి మాత్రం అతని దగ్గర లేదు.

ఉండకూడదు! వాళ్ళ ఆచారం అది. ఇంటి పెద్దావిడ తలమీద చెయ్యి పెట్టి, "నీకు బుద్ధొచ్చింది" అని మారు తాళంచెవి చేతిలో పెడితేనే మనిషి ఎదిగినట్టు. అప్పటిదాకా పెద్దలు చేస్తే పెళ్ళి చేసుకోవాలి తప్ప, తనంతట తాను ఎవరినీ అడగకూడదు.

ఉన్న ఒక్క తాళంచెవీ తాతమ్మ మెడలో ఉంటుంది. ఆవిడకు తొమ్మిది వందల ఇరవై ఆరు. పై అంతస్తు నుంచి ముప్పై ఒక్క మెట్లు దిగడానికి నలభై నిమిషాలు పడుతుంది. అందాకా కొట్టు గుమ్మం దగ్గర ఆరు వందల యాభై ఏళ్ళ అమ్మమ్మ, నాలుగు వందల ముప్పై ఏళ్ళ అమ్మ, బుజ్జి వరసగా కూర్చుంటారు. ఊళ్ళోకెల్లా గొప్ప తాళాల పనివాళ్ళు ముగ్గురు, తాళం వేసిన కొట్టు ముందు! ఆ క్రమశిక్షణ మన ఇళ్ళల్లో ఉందా?

పక్క కొట్టు దర్జీ ఆవిడది. ఆమె మనలాంటి నూరేళ్ళ మనిషే. ఇరవై మూడో ఏట కొట్టు తెరిచింది. ఆ ఏడే బుజ్జి ఏదో చెప్పబోతే నవ్వి, "నీ కొట్టు తాళం నీ చేతికొచ్చాక అడుగు" అంది. బుజ్జి వెళ్ళి తాతమ్మను అడిగాడు.

"ఏం తొందర నాన్నా? ఇంకో నలభై ఏళ్ళు పోనీ" అంది తాతమ్మ.

నలభై ఏళ్ళంటే ఎంత? బుజ్జి సరేనన్నాడు.

అప్పట్లో దర్జీ ఆవిడ మాటల్లో ఉండగానే చూడకుండా సూదిలో దారం ఎక్కించేది. కొన్నాళ్ళకు కళ్ళజోడు పెట్టుకుని ఎక్కించడం మొదలుపెట్టింది. ఇప్పుడు సూదీ దారం పట్టుకొచ్చి బుజ్జి చేతికిస్తోంది. అతను ఎక్కించి ఇస్తున్నాడు. ఎంత ముచ్చటైన ఏర్పాటు! ఇంకేం కావాలి?

పోయిన వారం ఆవిడ సూది అందిస్తూ, "వచ్చే నెల కొట్టు మూసేస్తున్నా బుజ్జీ. చూపు ఆనడం లేదు. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతా" అంది.

"అదేంటి! మొన్ననేగా తెరిచావు?"

"ముప్పై అయిదేళ్ళయింది, మొద్దూ!"

బుజ్జి చేతిలో దారం అలాగే ఉండిపోయింది. మరుక్షణం లేచి మెట్లెక్కాడు. తాతమ్మ అప్పటికి పంతొమ్మిదో మెట్టు దిగుతోంది.

"తాతమ్మా, నాకు బుద్ధొచ్చిందని చెప్పు."

"ఇంకా అయిదేళ్ళుంది కదరా."

"అయిదేళ్ళు ఆగితే ఆవిడ ఉండదు. ఇప్పుడే చెప్పు."

తాతమ్మ మెట్టు మీద కూలబడింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేనెలా చెప్పనురా? నాకే ఎవరూ చెప్పలేదు. మా అమ్మ రేపంటూ, ఎల్లుండంటూ, చెప్పకుండానే పోయి అయిదు వందల ఏళ్ళయింది. ఈ తాళంచెవి ఆవిడ మెడలోంచి నేనే తీసుకుని వేసుకున్నా."

"అంటే నీకు...?"

"నాకింకా బుద్ధి రాలేదురా నాన్నా. మీ అమ్మమ్మకు చెప్పకు, ఏడుస్తుంది."

అంటే ఆ ఇంట్లో అయిదు వందల ఏళ్ళుగా పెద్దవాళ్ళే లేరు! అయితే ఏమైంది? కొట్టు నడవలేదా? ఊళ్ళో తాళాలు పడలేదా? మన ఆఫీసుల్లో కుర్చీలు పట్టుకుని కూర్చున్నవాళ్ళకు మాత్రం ఎవరు చెప్పారు కనక!

కానీ బుజ్జి చిన్నపిల్లాడు, ఈ లోతు ఎలా తెలుస్తుంది? గబగబా దిగిపోయాడు. దర్జీ ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"ఇచ్చిందా?"

"ఇవ్వడం ఆవిడకే కుదరదట."

"ఈ తాళం చేసిందెవరు?"

"నేనే. ఆ పాత తాళంచెవికే సరిపడేలా చేసి వందేళ్ళయింది."

"మరి దీని ముందు దేనికి కూర్చున్నావయ్యా ఇన్నాళ్ళూ?"

బుజ్జి తాళానికి చెవి ఆనించి విన్నాడు. జేబులోంచి ఆకురాయి తీశాడు, ఒక ఇనప ముక్క తీశాడు. నాలుగు నిమిషాలు! తలుపు తెరుచుకుంది. తాతమ్మ ఇంకా ఇరవై రెండో మెట్టు మీదే ఉంది. అమ్మమ్మ ముందు చెంపలు వేసుకుంది, ఆ తరవాత మెల్లగా "నాకూ ఒకటి చెయ్యరా" అంది. వెనకాల అమ్మ కూడా చెయ్యి చాచింది.

బుజ్జి అక్కడే, అందరి ముందూ, ముప్పై అయిదేళ్ళ నాటి మాట అడిగేశాడు.

"ముందు ఆ దారం ఎక్కించు. ఆలోచిస్తా" అంది దర్జీ ఆవిడ. చెల్లెలికి మాత్రం ఇంకా ఫోన్ చెయ్యలేదట.

నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను! ఎవరి తాళంచెవి వాళ్ళే చేసుకుంటే పెద్దరికం ఏం కావాలి? మా అబ్బాయికి నలభై తొమ్మిది. బీరువా తాళంచెవి నా మొలలో ఉంటుంది. మొన్న మళ్ళీ అడిగాడు. "ఏం తొందరరా?" అన్నాను. నాకు డెబ్బై ఆరు. నిజానికి వెయ్యేళ్ళున్నవాళ్ళు అనవలసిన మాట అది.

ఈ పొద్దున స్నానానికి వెళితే, గూట్లో సబ్బు మీద తాళంచెవి అచ్చు కనిపించింది. పళ్ళు లెక్కపెట్టాను. అనుమానం లేదు, నాదే. ఇంకా మెత్తగానే ఉంది. బొటనవేలితో ఒక్కసారి రుద్దితే చెరిగిపోతుంది.

వేరే సబ్బు తీసుకున్నాను.