పికిల్‌గారి తవ్వకం

ఈ భూమ్మీద గుంత తవ్వడానికి అనుమతి అక్కర్లేనివారు రెండే రకాలు: ఆరొందల ఏళ్ల క్రితమే పోయినవారు, నాలుగు కాళ్లున్నవారు.

ఇంగ్లండ్‌లోని సఫోక్ జిల్లా వితంతువు డోరిన్ గారెడ్ ఈ రెండు రకాల్లోనూ లేదు. ఆమె పెరట్లో ఒకప్పుడు ఎవరో దొర ఇల్లు కట్టుకుని, చుట్టూ కందకం తవ్వించుకున్నాడు. ఇల్లు పోయింది, దొరా పోయాడు. కందకంలో బాతులు, నడిమి దిబ్బ మీద ఆపిల్ చెట్టు మిగిలాయి. (కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. కందకానికి లేని దురద కోసమే పురావస్తు శాఖ ఉంది.) గేటు మీద బోర్డు: 'తవ్వకండి.' 'నవ్వకండి' అని వేరే చెప్పక్కర్లేదు.

ఆమె కోరిక చిన్నది. ఏళ్ల తరబడి తోడున్న కుక్క పికిల్ పోయాడు. వాడు రోజూ పడుకునే ఆ చెట్టు కిందే పాతిపెట్టాలి. అనుమతి వచ్చేదాకా వాణ్ని ఫ్రీజర్‌లో బఠానీల పక్కన ఉంచింది. పేరే పికిల్ కనుక నిలవ ఉంటాడని పొరుగువాళ్లు ఓదార్చారు.

పురావస్తు శాఖ కందకాల ఉపసంఘం తరఫున నైజెల్ థ్రోవర్ వచ్చాడు. టీలో బిస్కెట్ ముంచుతూ నిబంధనలు వివరించాడు. మనుషులు తవ్వకూడదు. కుందేళ్లు, చుంచులు తవ్వొచ్చు. వాటికి బోర్డు చదవడం రాదు. అవి తోడిపోసిన మట్టిని శాఖవారు భక్తిగా జల్లెడ పట్టి, పాత పెంకులు ఏరుకుంటారు. ఒకరకంగా శాఖలో పనిచేసేది అవే.

"అయితే నైజెల్ బాబూ, చెట్టు కింద ఆ గుంత చూడు. మా పికిల్ తవ్విందే, ఎముక కోసం."

నైజెల్ మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. దొరగారి వంటింటి పెంకు ముక్క! అతని కళ్లు చెమర్చాయి. ఆ క్షణం నుంచి ఆ గుంత పూడ్చడం కూడా నేరమైంది.

ఉపసంఘం కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. చివరికి పికిల్‌ను గౌరవ తవ్వకందారుగా నియమించి, ఆ గుంతను లోతు చేసి పూడ్చడానికి వాడి పేరునే అనుమతి ఇచ్చింది. షరతు ఒక్కటే: పని జరిగేటప్పుడు అనుమతిదారు స్వయంగా హాజరు కావాలి.

"ఫ్రీజర్‌లో ఉన్నాడని చెప్పాను డోరిన్ గారూ," అన్నాడు నైజెల్ తల వంచుకుని. "అది వేరే ఉపసంఘం చూడాలట."

డోరిన్ లోపలికెళ్లింది. గళ్ల దుప్పట్లో చుట్టిన పికిల్‌ను ఎత్తుకొచ్చి, చెట్టు కింద గడ్డి మీద మెల్లగా దించింది.

"హాజరు," అంది.

నైజెల్ షరతులు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిరగేశాడు. ప్రాణంతో రావాలని ఎక్కడా లేదు. టోపీ తీసి, అనుమతిదారుకు సహాయకుడి హోదాలో పార అందుకున్నాడు. పని పర్యవేక్షించడానికి గొడుగులతో వచ్చిన ఉపసంఘం సభ్యులు తలొక అభ్యంతరం నమోదు చేశారు.

ఆ దిబ్బ మీద అనుమతి ఉన్నదీ, అభ్యంతరం లేనిదీ పికిల్ ఒక్కడికే.