కాళ్ళతో పాడిన వేలంపాట

శ్యాంబాబు లాంటి బావమరిది పగవాడిక్కూడా వద్దని జ్ఞానయ్య ఇవాళ్టికీ అంటాడు.

బంటుమిల్లి దగ్గర వాళ్ళ చర్చిలో ఆ రోజు కోత పండగ. జనం కానుకగా తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేసి, వచ్చిన డబ్బు చర్చి రేకులకు వాడతారు. పొద్దుగూకాక పిల్లలకు సినిమా.

"మూగ సినిమాలు బావా! వందేళ్ళ నాటివి. ఓ బక్కోడు రైలు మీంచి దూకుతాడు, మేడ మీంచి జారతాడు. మాటే ఉండదు. స్పీకరు అద్దె ఎనిమిది వందలు మిగులుద్ది," అన్నాడు శ్యాంబాబు పొద్దున్నే.

జ్ఞానయ్య మనసంతా పుంజు మీద ఉంది. తనకు డెంగీ వచ్చినప్పుడు భార్య మార్తమ్మ, ఇంట్లో అన్నిటికన్నా మంచిది దేవుడికిస్తానని మొక్కుకుంది. గుమ్మడికాయేమో అనుకున్నాడాయన. ఆమె పుంజుని ఇచ్చేసింది. పిల్లప్పటినుంచీ తన చేతి గింజలే తిని పెరిగిన పుంజు ఎవరింటో కూరైపోతుందని రాత్రి నిద్ర పట్టలేదు. వేలంలో తిరిగి పాడుకోవాలని పదిహేను వందలు జేబులో పెట్టుకొచ్చాడు.

"వేలం మొదలయ్యేలోగా సినిమా తెర కట్టెయ్ బావా," అన్నాడు శ్యాంబాబు. " తాడు వదిలావంటే కింది వెదురుబద్ద ఆడాళ్ళ నెత్తిన పడుద్ది, జాగర్త!"

మగవాళ్ళ వైపుకూ ఆడవాళ్ళ వైపుకూ మధ్య, ఇద్దరికీ కనబడేలా తెల్లగుడ్డ. జ్ఞానయ్య తెర తాడు పళ్ళ మధ్య కరుచుకుని, పందిరి వాసం మీదికి బోర్లా పాకాడు. శ్యాంబాబు కింద నిచ్చెన తీసుకుని, గుమ్మడికాయలు సర్దడానికి వెళ్ళిపోయాడు.

అప్పుడే సంఘపెద్ద డేనియల్ గారు పుంజును ఎత్తి చూపించారు. "అయిదొందలు!"

జ్ఞానయ్య నిచ్చెన కోసం చెయ్యూపాడు.

"జ్ఞానయ్య గారు ఆరొందలు!"

సంతోషించాడు. తెర అవతల ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో పెంచారు. మళ్ళీ ఊపాడు. మళ్ళీ పెరిగింది. పాట పదిహేను వందలు దాటింది. నోట్లో తాడుంది కాబట్టి, ఇక వద్దని చెయ్యి అడ్డంగా ఊపాడు.

"రెండు వేలు! హుషారుగా ఉన్నారు!"

భయమేసి రెండు చేతులతో వాసం పట్టుకోబోయి, జారి వేలాడాడు. కాళ్ళు గిలగిల్లాడాయి.

"అబ్బో, కాళ్ళతో కూడా పాడుతున్నారు! మూడు వేలు!"

"ఇది సినిమాకి ముందు ఆటండీ!" అని ఎవరో అన్నారు. పందిరంతా చప్పట్లు. పిల్లలు ఈలలు. పాట నాలుగు వేలకొచ్చింది. అది ఆడవాళ్ళ వైపు పాట. ఇంకొక్కసారి కదిలితే తన మీద పడుతుంది. జ్ఞానయ్య బిగదీసుకున్నాడు. చేతులు ఒప్పుకోలేదు.

"వద్దూ!" అని నోరు తెరిచాడు. తెర ఊడి గుమ్మడికాయల మీద పడింది. జ్ఞానయ్య రెండు చేతులూ పైకెత్తుకుని గడ్డిమోపుల్లో పడ్డాడు.

"రెండు చేతులు, రెండు పాటలు! నాలుగు వేల రెండొందలు! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!"

తెర లేని ఆవలి వైపు, చెయ్యెత్తి నిలబడి మార్తమ్మ.

"నువ్వా!"

"మీకోసమేనండీ! రాత్రంతా నిద్రపోలేదుగా, జాలేసింది."

జ్ఞానయ్య డేనియల్ గారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, మీకు ఇద్దరం కనబడుతూనే ఉన్నాం కదండీ?"

"భార్యాభర్తల మధ్యకి నేనెందుకు రావాలి బాబూ? అవతల రేకులు కారుతున్నాయి."

ఆ మాటకి జ్ఞానయ్య కూడా గడ్డిలో కూర్చుని నవ్వేశాడు. జేబులోని పదిహేను వందలిచ్చి, మిగతాది బాకీ రాయించి, పుంజును చంకలో పెట్టుకున్నాడు. సాయంత్రం తెర మీద బక్కవాడు రైలు మీంచి దూకితే పిల్లలు పెదవి విరిచారు. "పొద్దుటి మావయ్యే బాగా చేశాడు," అన్నారు.

స్పీకరు అద్దె ఎనిమిది వందలు నిజంగానే మిగిలింది; జ్ఞానయ్యకు పోయింది నాలుగు వేల రెండు వందలు.