సత్తెమ్మ పద్నాలుగో మరణం

ఓలేటి సత్తెమ్మ పద్నాలుగోసారి చనిపోయిన రోజున ఆమె కూతురు నూకరత్నం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టింది. మొదట్లో రెండుసార్లు పూర్తి రోజు ఇచ్చారు. ఒకే తల్లి పేరు మీద అన్ని పూర్తి సెలవులు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని ఆ తర్వాత సగానికి తగ్గించారు. శ్మశానం దగ్గరే కాబట్టి సగం రోజు సరిపోయేది. పని ముగించుకుని, తలస్నానం చేసి, మధ్యాహ్నం రెండింటికల్లా తడి జుట్టు ముడేసుకుని సీట్లో కూర్చునేది.

రేవుపాలెంలో ఏ సంగతైనా దాని గురించి ఇంటర్నెట్‌లో రాసిన పోస్టు మీద ఏ తేదీ ఉంటే ఆ తేదీనే జరిగేది. అది కూడా, వెతికినప్పుడు ఆ పోస్టు మొదటి పేజీలో కనబడితేనే. మొదటి పేజీలో పది చోట్లుంటాయి. పదకొండో సంగతి రెండో పేజీకి పోతుంది. రెండో పేజీకి పోయింది జరగనట్టే. దీని మీద ఊళ్ళో ఎవరికీ ఫిర్యాదు లేదు. మునిసిపాలిటీ వాళ్ళు చెత్త బండిని కూడా మొదటి పేజీలో ఉన్న వీధులకే పంపేవాళ్ళు.

సత్తెమ్మ మొదటిసారి చనిపోయినప్పుడు ఆమెకు నలభై ఆరేళ్ళు. రేవు పక్కన రొయ్యల ప్లాంటులో పొట్టు వలిచే పని. ఒక జూన్ నెల పొద్దున తొమ్మిదింటికి షెడ్డులో అమ్మోనియా గొట్టం పగిలింది. ముందు తలుపు దగ్గరే గ్యాసు. వెనక తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉంది. ఆడవాళ్ళు మాటిమాటికీ బయటికి పోయి పని చెడగొడుతున్నారని సూపర్‌వైజరు పెట్టించిన గొళ్ళెం అది. ఏడుగురు పోయారు. అందరికంటే చిన్నదైన లోవకి పంతొమ్మిదేళ్ళు, పెళ్ళి కుదిరి ఉంది.

అప్పుడు నూకరత్నం డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. 'రేవు కబుర్లు' అని ఒక బ్లాగు రాసేది. చేపల ధరలు, పడవల పేర్లు, పెళ్ళి భోజనాల సంగతులు అందులో ఉండేవి. తల్లిని పూడ్చి వచ్చిన మూడో రోజున ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని మొత్తం రాసింది. ఏ తలుపు, ఏ గొళ్ళెం, ఎవరు పెట్టమన్నారు, అంబులెన్సు ఎన్ని గంటలకొచ్చింది, తల్లి గోళ్ళు ఎలా విరిగిపోయి ఉన్నాయి. పోస్టు మొదటి పేజీలో మొదటి చోటికొచ్చింది. విచారణ కమిటీ వేశారు. ఏడాదిలోగా నివేదిక ఇమ్మన్నారు.

పదో నెలలో ఆ పోస్టు రెండో పేజీకి జారింది. ఆ వారంలోనే టీ కొట్టాయన నూకరత్నాన్ని ఆపి, మీ అమ్మ ఈమధ్య కనబడటం లేదు, ఊరెళ్ళిందా అని అడిగాడు. ఆయన ఎగతాళికి అడగలేదు. పాడె మోసిన నలుగురిలో ఆయనొకడు. విచారణ కార్యాలయానికి వెళ్తే, అలాంటి ప్రమాదం తమ దృష్టికి రాలేదన్నారు. ప్లాంటులో సూపర్‌వైజరు ఆమెకు కుర్చీ వేసి, మీ అమ్మని రేపట్నించి పనిలోకి రమ్మనమ్మా, మనుషులు చాలట్లేదన్నాడు.

అందుకని నిత్యనూతన కంటెంట్ సర్వీసెస్ అనే కంపెనీ నుంచి హరిహర్ అనే ఆయన వచ్చి, పాత పోస్టుల్ని తాజా చేసి మళ్ళీ పైకి తేవడమే మా పని అని చెప్పినప్పుడు నూకరత్నం ఆయన్ని దేవుడిలా చూసింది. బ్లాగు ఇచ్చేసింది. వాళ్ళు ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. మొదటి రోజు ఆమె చేసిన మొదటి పని తన పోస్టు మీద తేదీ మార్చడం.

ఆ తేదీ జూన్ పద్నాలుగు. ఆ రోజు పొద్దున ఊరంతా అమ్మోనియా వాసన కొట్టింది. పదింటికి వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగింది. డ్రైవరు కాయితం మీద సంతకం తీసుకుని సత్తెమ్మను దింపాడు. శ్మశానంలో గుంట తవ్వే పని లేకపోయింది. పాత గుంట ఖాళీగా ఉంది. ఊరు ఊరంతా వచ్చి ఏడ్చింది. టీ కొట్టాయన మళ్ళీ పాడె మోశాడు. కొత్త విచారణ కమిటీ వేశారు. ఏడాదిలోగా నివేదిక ఇమ్మన్నారు.

అప్పట్నించి ప్రతి జూన్‌లోనూ అంతే. ఏడాది నిండే లోపల ప్రమాదం మళ్ళీ జరిగేది కాబట్టి ఏ కమిటీకీ గడువు పూర్తయ్యేది కాదు. సత్తెమ్మకి చిన్నదినం, పెద్దదినం చేసేవాళ్ళు గానీ ఒక్క సంవత్సరీకం కూడా పెట్టలేకపోయారు. తేదీతో పాటు ఆమె వయసు కూడా మారేది. ఏటా వ్యాన్లోంచి దిగినప్పుడు చెవుల పక్క జుట్టు ఇంకాస్త నెరిసి ఉండేది. ఒక ఏడు కింది పన్ను ఒకటి లేదు. ఇంకో ఏడు ముక్కు మీద కళ్ళద్దాల గుర్తులు కనబడ్డాయి. ఎక్కడ కొనుక్కుందో, ఎవరు చూపించారో ఎవరికీ తెలియదు. తన తల్లి ముసలిదవుతుంటే ఎలా ఉంటుందో నూకరత్నం అలా ఏడాదికొక పూట చూసింది. లోవ ముప్పై దాటింది. ఆమెను చేసుకోవాల్సినవాడు ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, దూరంగా నిలబడి వెళ్ళేవాడు.

తేదీ ఒక్కటే మారిస్తే పోస్టు పైకి రాదని హరిహర్ రెండో ఏట చెప్పాడు. లోపల కూడా ఏదో ఒకటి మారాలి. ఆయన చెడ్డవాడు కాదు. గొంతు పెంచేవాడు కాదు, ఎవరి పుట్టినరోజునీ మరిచిపోయేవాడు కాదు. 'గొళ్ళెం' అనే మాట నెలకు ఎంతమంది వెతుకుతున్నారో స్క్రీన్ మీద చూపించాడు. ఎవరూ వెతకడం లేదు. ఆ వాక్యం తీసేశారు. ఆ ఏడు సత్తెమ్మ చేతులు శుభ్రంగా వచ్చాయి. ఒక్క గోరూ విరగలేదు. నూకరత్నం ఆ చేతుల్ని పట్టుకుని కూర్చుని, తర్వాత నేరుగా ప్లాంటుకు వెళ్ళింది. వెనక తలుపుకు గొళ్ళెం లేదు. అది ఉన్న చోట మేకు రంధ్రం కూడా లేదు.

ఆపై ఏడు సూపర్‌వైజరు పేరు పోయింది. ఆ పేరుగలవాడు ప్లాంటులో ఎప్పుడూ పని చేయలేదని హాజరు పుస్తకం చూపించారు. తర్వాత అంబులెన్సు ఆలస్యం పోయింది. తర్వాత తలుపే పోయింది, దాని స్థానంలో గోడ వచ్చింది. పోస్టు పేరు 'మా అమ్మను చంపిన తలుపు' నుంచి 'అమ్మోనియా గురించి మీరు తెలుసుకోవాల్సిన ఏడు విషయాలు'గా మారింది. ఏడు అనే అంకె మాత్రం ఆమె పట్టుబట్టి ఉంచుకుంది. పదైతే బాగుంటుందని హరిహర్ నచ్చజెప్పబోయాడు గానీ, అలా చేస్తే ఇంకో ముగ్గురు పోవాల్సొస్తుందని ఆమె అనడంతో ఊరుకున్నాడు. పైన తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి ఫొటో పెట్టారు.

నూకరత్నం ఇవన్నీ తన చేత్తోనే చేసింది. ప్రతి వాక్యం తీసేటప్పుడూ, ఇది తీయకపోతే మొత్తం పోతుందని తనకు తాను చెప్పుకుంది. అసలు పోస్టు నకలు ఒకటి ఇంట్లో దాచింది.

పద్నాలుగోసారి వచ్చిన సత్తెమ్మకి యాభై తొమ్మిదేళ్ళు. పెద్దదినం అయిన మర్నాడు విచారణ కార్యాలయం నుంచి కాయితం వచ్చింది. మృతురాలు ప్లాంటులోకి అక్రమంగా ప్రవేశించిన విషయమై కుటుంబ సభ్యులు స్వయంగా హాజరై సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

అక్కడ సూపరింటెండెంటు పురుషోత్తం గారు ఆమెను కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించి, ఫైలు తెరిచాడు.

"మీ అమ్మగారి వయసెంతమ్మా?"

"నలభై ఆరండి."

"మొన్న పోయినావిడ సంగతి అడుగుతున్నాను."

"యాభై తొమ్మిది."

"ప్లాంటులో రిటైర్మెంటు యాభై ఎనిమిదికి. అంటే ప్రమాదం జరిగేటప్పటికి ఆవిడ ఉద్యోగి కాదు. రిటైరైపోయిన మనిషి షెడ్డు లోపలికి ఎందుకెళ్ళినట్టు?"

రిటైరైనట్టు తమకెవరూ చెప్పలేదని నూకరత్నం అంది. చనిపోయి ఉన్న మనిషికి ఎలా చెబుతామని ఆయన ఓపిగ్గా అడిగాడు.

"ఆవిడని బయటికి రానివ్వలేదండి," అంది నూకరత్నం.

"నేను లోపలికి ఎందుకెళ్ళిందని అడుగుతుంటే మీరు బయటికి రావడం గురించి చెబుతున్నారు. ఫారంలో ఆ గడి లేదమ్మా."

ఆయన ఫారం ఆమె వైపు తిప్పి చూపించాడు. నిజంగానే లేదు. 'దొంగతనం', 'మతిమరుపు', 'పాత అలవాటు' అని మూడు గడులున్నాయి, ఒకదానికి టిక్కు పెట్టాలి. మూడోది పెట్టండి, అదైతే కేసు ఉండదని ఆయన మేలుకోరి చెప్పాడు.

నూకరత్నం ఆ ఫారం నాలుగు ముక్కలు చేసి ఆయన బల్ల మీద పెట్టింది. చింపిన ఫారాలకు వేరే రిజిస్టరు ఉందంటూ ఆయన దాన్ని తీసుకున్నాడు. బయటికొచ్చి, రోడ్డు మీద ఎవరో పలకరించినా ఆగకుండా నడిచిపోయింది.

ఆఫీసుకు వచ్చి, అసలు పోస్టు అసలు తేదీతో పెట్టేస్తానని హరిహర్‌కి చెప్పింది. పెడితే ఏమవుతుందో నీకు తెలుసు కదా అన్నాడాయన. తెలుసంది.

"నిజం రెండో పేజీలో ఉంటే ఎవరికి లాభం రత్నం?"

"మొదటి పేజీలో ఉన్నది మా అమ్మ కాదు సార్. మా అమ్మకి నలభై ఆరేళ్ళు."

ఇంట్లో దాచిన నకలు తెచ్చి, 'ఏడు విషయాల' స్థానంలో అక్షరం మార్చకుండా ఎక్కించింది. గొళ్ళెం, సూపర్‌వైజరు పేరు, గోళ్ళు, అంబులెన్సు, అన్నీ. పైన పదమూడేళ్ళ కిందటి తేదీ. నాలుగింటికి ఆ పోస్టు రెండో పేజీకి, ఐదింటికి తొమ్మిదో పేజీకి పోయింది. ఐదున్నరకి తునిలో ఉన్న తమ్ముడు గంగరాజు ఫోన్ చేసి, అమ్మ ఫోన్ ఎత్తట్లేదేంటక్కా అని అడిగాడు. వాడు మూడుసార్లు హలో అని పెట్టేశాడు. శ్మశానానికి వెళ్తే తల్లి గుంట మీద పదమూడేళ్ళ ముళ్ళతుప్ప పెరిగి, మట్టి నేలతో సమానమైపోయి ఉంది. అక్కడే కూర్చుని మొట్టమొదటిసారి సంవత్సరీకం లాంటిదేదో తనకు తోచినట్టు పెట్టుకుంది. పక్కన ఎవరూ లేరు. తుప్ప పీకుతుంటే చేతులు చీరుకుపోయాయి.

విచారణ కార్యాలయం సంజాయిషీ నోటీసు వెనక్కి తీసుకుంది. జరగని ప్రమాదం గురించి మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు విచారిస్తున్నామని రాసింది. వెనక తలుపు మళ్ళీ వచ్చింది, గొళ్ళెంతో సహా. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ప్లాంటు ముందు కొత్తగా మనుషులు కావాలని బోర్డు పెట్టారు. నూకరత్నం రెండు రోజులు గేటు దగ్గర నిలబడి, లోపలికెళ్ళే ప్రతి ఆడమనిషికీ వెనక తలుపు సంగతి చెప్పింది. వాళ్ళు మర్యాదగా విన్నారు. ఫోన్లు తీసి వెతికారు. ఏమీ లేదమ్మా అని చూపించి లోపలికెళ్ళారు. మూడో రోజున సెక్యూరిటీ వాళ్ళు ఆమెను పంపేశారు.

ఆగస్టులో, పొద్దున పదకొండింటికి అమ్మోనియా గొట్టం పగిలింది. ఐదుగురు పోయారు.

హరిహర్ అందర్నీ పిలిచి మీటింగు పెట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిజంగానే ఏడ్చినట్టున్నాడు. కొత్త పోస్టు రాస్తే పైకి రావడానికి ఆరు నెలలు పడుతుంది, అప్పటిదాకా ఈ ఐదుగురూ చనిపోనట్టే, ఆసుపత్రి వాళ్ళు శవాలు కూడా ఇవ్వరని చెప్పాడు. పాత పోస్టుకు వయసుంది, నమ్మకముంది. దాన్నే తాజా చేద్దామన్నాడు. అందరూ నూకరత్నం వైపు చూశారు.

ఆమె వెళ్ళి సీట్లో కూర్చుని తొమ్మిదో పేజీ నుంచి తన పోస్టు తెరిచింది. తేదీ మార్చింది. ఏడు తీసి ఐదు అని పెట్టింది. పేర్లు మార్చింది. తొమ్మిది గంటలు పదకొండయింది. ఆ తర్వాత ఇంకేం మార్చాలా అని మొత్తం రెండుసార్లు చదివింది. మార్చాల్సిన మాట ఒక్కటీ కనబడలేదు. సూపర్‌వైజరు పేరు కూడా అదే. బటన్ నొక్కింది.

పావుగంటలో పోస్టు మొదటి చోటికొచ్చింది. ఆసుపత్రి శవాలిచ్చింది. ఇంత నిక్కచ్చిగా, ఇంత తాజాగా రాసిన పోస్టు ఈమధ్య చూడలేదని ఊరంతా మెచ్చుకుంది. విచారణ కమిటీ వేశారు. ఏడాదిలోగా నివేదిక ఇమ్మన్నారు.

నెల తిరిగాక, పోస్టును ఏటా తాజా చేయడానికి ఐదు కుటుంబాల ఒప్పుకోలు పత్రాలు తీసుకునే పని నూకరత్నానికి అప్పగించారు. మొదటగా వచ్చినాయన మేరుగు సింహాద్రి. వలలు అల్లుతాడు. పోయింది ఆయన భార్య.

నూకరత్నం ఆయనకు దాచకుండా చెప్పింది. సంతకం పెడితే ఏటా వ్యాను వస్తుంది, ఏటా ఒక వాక్యం పోతుంది. పెట్టకపోతే ఏ వాక్యమూ పోదు, కాని వేసవి వచ్చేసరికి ఊళ్ళో ఆమె పోయినట్టు ఎవరికీ గుర్తుండదు, పిల్లలకి కూడా. రెండూ చేసి చూశానండీ అంది.

ఏది మంచిదో చెప్పమని సింహాద్రి అడగలేదు. పెన్ను అడిగాడు. సంతకం పెట్టబోతూ, భార్య పేరున్న చోట వేలు పెట్టి ఆగాడు.

"ఇంటిపేరు తప్పు పడిందమ్మా. సరిగ్గా రాయండి. లేకపోతే వచ్చే ఏడు వేరే ఎవర్నో తెచ్చి మా ఇంటి ముందు దింపుతారు."

నూకరత్నం క్షమించమని, ఒక్కో అక్షరం ఆయన్ని అడిగి దిద్దింది.