మూడు పిడికిళ్ల ఉప్పు

ఆ ఉదయం ల్యాబు నుంచి వచ్చిన కృపానిధి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి టెక్కలి ఆసుపత్రిలో డాక్టరు సూదితో సూరయ్య కిడ్నీ నుంచి దారపు పోగంత ముక్క తీస్తాడు. తొమ్మిదిన్నరకు నౌపడలో ప్యాసింజరు. ఒంటిగంటకు విశాఖపట్నంలోని ల్యాబు. మంచుపెట్టెలో చల్లగా, అయితే గడ్డకట్టకుండా ఉంటే, ముక్కలోని కణాలు అప్పటిదాకా ప్రాణాలతో ఉంటాయి.

ప్రాణాలతో ఉండడమే ముఖ్యం. పాత పద్ధతిలో ముక్కంతా నూరి జన్యువులను చదివేవారు; లక్ష కణాల మాటలు కలిసి ఒకే రొదగా వినిపించేవి. ఆ ఏడాదే, అంటే 2018లో, ల్యాబుకు వచ్చిన యంత్రం కణాలను విడదీసి, ఒక్కొక్కదాన్ని ఒక్కో బొట్టులో కూర్చోబెట్టి, దేనికి దానికి చీటీ కట్టి విడివిడిగా ప్రశ్నిస్తుంది. ముప్పయ్యేళ్లు ఉప్పుమడుల్లో పనిచేసిన సూరయ్యకు ఏ కణం దగ్గర జబ్బు మొదలైందో చెప్పగలిగేది అదొక్కటే.

"ఈ ఒక్కపాలికే. మల్లీ సూదంటే నాను రాను" అని సూరయ్య ముందే ఖాయం చేశాడు. కాబట్టి ముక్క ఒక్కటే, అవకాశమూ ఒక్కటే.

"మా అన్న ఒంట్లోది ఒంటరిగా ఎల్తాదేటి?" అంటూ సూరయ్య చెల్లెలు గున్నమ్మ పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆటో నడిపినవాడు సూరయ్య కొడుకు లక్ష్ముడు.

నౌపడ స్టేషనులో ప్యాసింజరు రెండు గంటలు ఆలస్యమని తెలిసింది. సోడాకొట్టు జగన్నాధం నీడలో బల్ల చూపించాడు. గున్నమ్మ పెట్టె దించి లక్ష్ముడితో పాటు కూర్చుంది. కృపానిధికి మాత్రం కూర్చోబుద్ధి కాలేదు.

"ఈ మంచు రెండు గంటలు ఆగుతుందా? కరిగితే అంతా బూడిదే! చల్లగా ఉండాలి, తెలిసిందా? చల్లగా!"

"బాబూ, ఒక మాట సెప్తాను..." అనబోయింది గున్నమ్మ.

"మీరేమీ చెప్పొద్దు! పెట్టె ఎవరూ ముట్టుకోవద్దు!"

అతను వెళ్లి స్టేషను మాస్టరుతో అరగంట పోట్లాడాడు. రైలు ఆయన జేబులో లేదని తెలిసే పోట్లాడాడు. తరువాత టాక్సీ కోసం రోడ్డంతా తిరిగి, దొరక్క, వెళ్లినప్పటికంటే ఎక్కువ కోపంతో తిరిగొచ్చి పెట్టె తెరిచాడు. లోపలి థర్మామీటరు సున్నాకు పన్నెండు డిగ్రీలు దిగువన ఉంది. ముక్క ఉన్న గొట్టంలోని ద్రవం రాయిలా బిగుసుకుంది. మంచుమీద గళ్లుప్పు మెరుస్తోంది.

"ఎవరు వేశారిది?"

గున్నమ్మ నోరు తెరిచేలోపే అతను మళ్లీ అందుకున్నాడు.

"మీ ఊరోళ్లంతా ఇంతే! ముట్టుకోవద్దంటే ముట్టుకుంటారు. మీ మేలు కోసం తిరిగేవాణ్ణి నడిరోడ్డున నిలబెడతారు. గడ్డకడితే కణాలు పగిలిపోతాయి. చంపేశారు! అందరూ కలిసి చంపేశారు!"

కోపానికి ఒక్క మనిషి ఎన్నడూ చాలడు. దానికి ఊరు కావాలి. కృపానిధి ఊరినే ఎంచుకున్నాడు.

గున్నమ్మ లేచి నిలబడింది. "ముక్కలో ఒక్కోదాన్నీ ఇడదీసి అడుగుతానని మా అన్నకి సెప్పినావు గదా. మమ్మల్నేటి, కట్టగట్టి తిడతన్నావు? ఉప్పేసింది నాను. ఐసు మీద ఉప్పేస్తే సల్లదనం పెరుగుతాది. సేపలబుట్టకి ఏస్తాం, తెలీదేటి మాకు? నన్ను తిట్టు."

"కాదత్తా, ఏసింది నాను" అన్నాడు లక్ష్ముడు. "నువ్వు నీలకెల్లినప్పుడు ఒక పిడికిడు ఏసినాను."

"ఒరే, నువ్వూనా!"

జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. "సారు మరీ ఇదైపోతన్నారని... నేనూ ఒక పిడికిడు..."

ఒక్క పిడికిడైతే పెట్టె కాస్త చల్లబడి ఊరుకునేది. ఎవరికి వారు చాటుగా వేసిన మూడూ కలిసి సూరయ్య ముక్కను బిగించాయి.

"చాటుగా ఎందుకేశారు? అడగొచ్చు కదా!" అన్నాడు కృపానిధి.

"అడగనిచ్చినావేటి?" అంది గున్నమ్మ.

ఆ మాటకు అతనికి ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంతోనే ల్యాబు నడిపే అనూరాధ మేడమ్‌కు ఫోను చేశాడు.

"ముక్క పోయింది మేడమ్. ఉప్పేసి గడ్డకట్టించారు. మైనస్ పన్నెండు."

అవతల మేడమ్ ముందు ఒక్కటే అడిగింది.

"గట్టిగా కట్టిందా?"

"రాయిలా."

"బతికించావయ్యా! కణాలను విడదీసే ద్రావణం పొద్దున్నే చెడిపోయింది. ఇవాళ బతికొచ్చిన వేరేవాళ్ల నమూనాలు రెండూ బల్లమీదే ముద్దయ్యాయి. నీదీ బతికొస్తే ఏం చెయ్యాలా అని తల పట్టుకున్నాను. గడ్డకట్టినదైతే కేంద్రకాలు తీస్తాం. కణం పగిలినా కేంద్రకం నిలుస్తుంది, దాన్నే విడిగా చదివే పద్ధతి వచ్చింది కదా. కరగనివ్వకు. అక్కడ ఇంకా ఉప్పు దొరుకుతుందా?"

నౌపడలో నిలబడ్డ మనిషికి ఆ ప్రశ్న చాలాసేపు వినిపించింది. దూరంగా ఎండలో ఉప్పుగుట్టలు తెల్లగా వరసకట్టి ఉన్నాయి. అతను ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"కొంచెం... ఇంకా కొంచెం ఉప్పు కావాలి."

"ఎవర్నడుగుతన్నావు బాబూ?" అంది గున్నమ్మ. "మా ఊరోళ్లందర్నా?"

కృపానిధి తల దించుకున్నాడు. తాను ఇందాక ఎవరిని తిట్టాడో వెతికితే ఒక్క ముఖమూ గుర్తుకు రాలేదు. ఇప్పుడు మూడు ముఖాలు కనబడుతున్నాయి.

"గున్నమ్మగారూ, తప్పు నాది. లక్ష్ముడూ, నువ్వు చేసింది మేలే. జగన్నాధంగారూ, మీరూ మన్నించాలి."

గున్నమ్మ కొంగు ముడి విప్పింది. "ఈపాలి ఎంతెయ్యాలో ముందు సెప్పు. మల్లీ అరవకు."

సూరయ్య ముక్క దక్కింది. కృపానిధి పరువులో కేంద్రకం మాత్రమే మిగిలింది.