మూడో వరుసలో మౌనస్వామి

ఆడపిల్లలు సరదాకి బాస్కెట్‌బాల్ ఆడుకునే చీకటి రోజులు మా కోల్బీ ఫాల్స్ ఊళ్లో ఎప్పుడో పోయాయి. పోయి మంచి పని చేశాయి! బంతి పడితే పడింది, లేకపోతే లేదు అనుకునే జనం ఎన్నటికైనా బాగుపడతారా?

ఇప్పుడు కాలేజీల వాళ్లు వస్తున్నారు. బాగా ఆడే పిల్లను హైస్కూల్లో ఉండగానే కనిపెట్టి, ఫీజు లేకుండా చదివించి, తమ జట్టులో ఆడించుకుంటారు. ఇంతకన్నా పుణ్యకార్యం ఉందా? దీన్ని కూడా తప్పుపట్టే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇందులో నాకు మరీ నచ్చింది మౌనవ్రతం. పదో తరగతి ముగిసి జూన్ ఒకటో తేదీ వచ్చేదాకా కాలేజీ కోచ్ పిల్లను చూడవచ్చు గాని, పలకరించకూడదు. ఎంత గొప్ప నియమం! మాట్లాడితే ఏముంది, ఒక్క ముక్కలో తేలిపోతుంది. మాట్లాడకపోతే ఊరంతటికీ రెండేళ్లు పని దొరుకుతుంది.

నా మేనకోడలు డెలనీని చూడటానికి వచ్చిన కోచ్ ప్రూయిట్ అలాంటి మౌనస్వామే. కాలేజీ గుర్తున్న చొక్కా వేసుకుని మూడో వరుసలో కూర్చునేవాడు. డెలనీ బంతి వేసినప్పుడు ఆయన పాప్‌కార్న్ నమలడం ఆపితే శుభం. కాలు మీద కాలు వేసుకుంటే ఆలోచనలో పడ్డట్టు. బల్లిశాస్త్రం కూడా ఇంత వివరంగా ఉండదు. ఒకసారి ఆవలించాడు. ఆ పూట మా బావ డ్వేన్ భోజనం ముట్టలేదు. మర్నాడు మంగలి షాపులో ఆ ఆవలింతకు వేరే అర్థం దొరికింది. పిల్ల నచ్చి నిశ్చింతగా ఉన్నవాడికే ఆవలింత వస్తుందట. బావ అక్కడే రెండు డోనట్లు తిన్నాడు.

కోచ్‌లు తల్లిదండ్రుల నడవడి కూడా చూస్తారని ఎవరో అన్నారు. అంతే, ఇరవై ఏళ్లుగా రిఫరీల వంశాలన్నిటినీ ఏకిపారేసిన మా అక్క లొరెట్టా అల్లిక ముందేసుకుని కూర్చుంది. కోపం వచ్చినప్పుడల్లా ఊలు కొరికేది. ఆ చలికాలం మా ఇంట్లో ఒక్క స్వెట్టరూ పూర్తి కాలేదు.

జనవరిలో ఒక బుధవారం డెలనీని ప్రాక్టీసు నుంచి నా ట్రక్కులో తీసుకొస్తున్నాను. స్కూలు దాటాక మెల్లగా నోరు విప్పింది.

"మావయ్యా, మోకాలి లోపల ఏదో జారుతున్నట్టుంది. నాన్నకి నువ్వు చెప్పవూ? నేను చెప్తే భయపడి సాకులు చెప్తున్నాననుకుంటాడు."

శుక్రవారం కోచ్ వస్తున్నాడు కదా అన్నాను.

"అందుకే నీకు చెప్తున్నా," అంది.

తెలివైన పిల్ల, సరైన మనిషినే పట్టుకుంది! నేను ఐసు సంచీ, మోకాలికి పట్టీ కొనిపెట్టి, శనివారం చెబుదాంలే అన్నాను. రెండేళ్లు ఆగిన వాళ్లం మూడు రోజులు ఆగలేమా?

శనివారానికి ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. శుక్రవారం ఆట మూడో భాగంలో, ఎవరూ తగలకుండానే, పిల్ల కూలబడింది. మోకాలు టప్పుమన్న చప్పుడు మూడో వరుసదాకా వినిపించింది. కోచ్ ప్రూయిట్ లేచి, జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని, స్ట్రెచర్ వచ్చేలోపే వెళ్లిపోయాడు. చూడలేక వెళ్లాడని మంగలి షాపు తీర్పు చెప్పింది. జిప్పు మెడదాకా లాగాడంటే బాధ కాక మరేమిటి?

జూన్ ఒకటిన అక్క ఆ కాలేజీ రంగుల్లో కేకు చేసింది. వద్దని డెలనీ రెండుసార్లు చెప్పింది. ఫోను బల్ల మధ్యలో పెట్టుకుని పొద్దున్నుంచీ కూర్చున్నాం. పదకొండింటికి మోగింది. మోకాలికి వ్యాయామం చేయించే క్లినిక్ వాళ్లు, మంగళవారం రమ్మని. ఆ తరవాత మళ్లీ మోగలేదు. రెండేళ్లు మాట్లాడని మనిషి గడువు దాటాక కూడా మాట్లాడలేదు. వ్రతమంటే అదీ!

సాయంత్రం డెలనీ ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, గ్యారేజీ మీది రింగులోకి బంతి విసురుతోంది. తొమ్మిదేళ్ల చెల్లెలు జూనీ ఏరి తెచ్చిస్తోంది. పన్నెండు వేస్తే పదకొండు గురి తప్పాయి. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు! ఎవరూ చూడకపోతే పిల్లలు ఎలా పాడైపోతారో చెప్పడానికి ఇంకేం నిదర్శనం కావాలి?

అంతలో జూనీ ఎడమచేత్తో ఒకటి వేసింది. రింగు అంచుకు తగలకుండా పడింది. తొమ్మిదేళ్లకే ఎడమ చెయ్యి! నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయి, వీడియో తీద్దామని ఫోను బయటికి లాగింది.

డెలనీ నవ్వడం ఆపి నా వైపు చూసింది.

"లోపల పెట్టు మావయ్యా," అంది. "ఆ రోజు ట్రక్కులో మోకాలి సంగతి నేను చెప్పింది నీ ఒక్కడికే."

పెట్టేశాను. ఆ మాటకు అర్థం కనుక్కోవడానికి మంగలి షాపుకి వెళ్లాల్సిన పని లేకపోయింది.