మునినారాయణప్ప రైఫిలుకు అల్లుడి మరమ్మతు

ఆ శనివారం పొద్దున బ్రూక్‌ఫీల్డ్ ఫ్లాట్‌లో కాఫీ తాగుతూ లలిత్ వేసుకున్న పథకం చిన్నదే. మామగారి పాత రైఫిలుకు గొట్టం మార్పించడం, దసరాకు ఆయన మెప్పు కొట్టేయడం. అతనికి తెలియని విద్యంటూ లోకంలో లేదు. వీడియో చూసి వంటింటి కుళాయి విప్పి, కింది ఫ్లాటువాళ్ళ సోఫా తడిపిన ఘనుడు. భార్య శ్వేత ఈసారి వద్దనలేదు. వద్దన్న పనే ముందు చేస్తాడని ఆమెకు తెలుసు.

మామగారు మునినారాయణప్పది మహదేవపురలో పాతకాలపు కుటుంబం. ఇప్పుడు టెక్ పార్కు ఉన్నచోట ఒకప్పుడు వాళ్ళ ద్రాక్షతోట ఉండేది. అడవిపందులను అదిలించడానికి ఆయన తండ్రి లైసెన్సు తీసుకుని కొన్న రైఫిలు అది, కింద మీట లాగితే తూటా పైకెక్కే పాతరకం. తోట పోయింది, పందులు పోయాయి, ఆ సైజు తూటాలు అమ్మేవాళ్ళూ పోయారు. రైఫిలు మాత్రం ఏటా ఆయుధపూజకు పీట మధ్యలో దర్జాగా కూర్చునేది. కుంకుమ పెట్టడానికి మామగారు ఇంట్లో ఎవరో ఒకరిని పిలిచి దాన్ని చేతికిచ్చేవారు. పెళ్ళయినప్పటినుంచీ కుంకుమ పెట్టమని లలిత్ చేతికి వచ్చింది, అదే పీట చివరన ఉండే మిక్సీ. ఆఫీసులో ఒక టీమునంతా ఆడించే తనకు మిక్సీయా అని ప్రతి దసరాకూ కుమిలిపోయేవాడు.

రైఫిలు తుడిచినప్పుడల్లా మామగారు వంటింటికి వినపడేంత గట్టిగా ఒకే మాట అనేవారు. "దీనికి తూటా ఇంగ యాడా సిక్కదప్పా." అది పెద్దాయన బాధ అని లలిత్ తేల్చేసుకున్నాడు. ఆ మాట అన్నాక ఆయన ముఖంలో బాధ ఏమైనా ఉందా అని చూసే ఓపిక అతనికెక్కడిది.

పండక్కి పాలిష్ పెట్టిద్దామని మామగారిని లైసెన్సుతో సహా తుపాకుల కొట్టుకు తీసుకెళ్ళాడు. ఆయన రైఫిలు అప్పగించి బయట మజ్జిగ తాగుతుండగా, కొట్టు యజమాని ఎల్లయ్య చెవిన అసలు సంగతి వేశాడు. "జస్ట్ బారెల్ చేంజ్ అండీ. ఇప్పుడు మార్కెట్లో దొరికే తూటా సైజుకి కన్వర్ట్ చేసేయండి." ఎల్లయ్య ఎవరినీ కాదనే రకం కాదు. సర్కారు అనుమతి తెస్తే ఏదైనా చేస్తానని, ఈలోగా కొలతలకు విప్పి ఉంచుతానని అన్నాడు.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. కొత్త గొట్టానికి పాత బోల్టు పట్టదట. అదీ మార్చేయండి అన్నాడు లలిత్. బోల్టు మారిస్తే తూటాను పైకెత్తే పలక చాలదట. అదీ మార్చేయండి. పలక మార్చినా, తూటాలు దాచుకునే గొట్టంలో కొత్తవి దూరవట. చివరికి పాత రైఫిల్లో మిగిలేది చెక్కా మీటా మాత్రమేనని తేలింది. బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఆగుతాడు. లలిత్ దానికి అప్‌గ్రేడ్ అని పేరు పెట్టాడు.

అనుమతికి మామగారి పేరున దరఖాస్తు పెట్టాడు. పాలిష్ కాగితాలంటే ఆయన చదవకుండానే సంతకం చేశారు. కొత్త సైజు ఎందుకు అన్నచోట అడవిపందులని రాస్తే, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పందులేమిటని నవ్వుతారనుకున్నాడు. అందుకని "ప్రాణభయం" అని రాశాడు.

విచారణకు కానిస్టేబులు వచ్చేసరికి మామగారి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి వెంకటగిరియప్పను పిలిచి, మునినారాయణప్పకు ఎవరివల్ల ప్రాణభయమని అడిగాడు. నడుమ గోడ విషయంలో ఆ ఇద్దరికీ ఎన్నాళ్ళుగానో మాటల్లేవు. ఆ ఎవరో తానేనని వెంకటగిరియప్ప అక్కడికక్కడే తేల్చుకున్నాడు. నేరుగా స్టేషనుకు వెళ్ళి, తనను కాల్చడానికి కొత్త తూటాలు తెప్పించుకుంటున్నాడని ఎదురు ఫిర్యాదు ఇచ్చాడు. తగువున్న ఇంట్లో తుపాకి కుదరదు, వెంటనే జమ చేయమన్నారు స్టేషనువాళ్ళు. మామగారికి మాత్రం పండగ తనిఖీ అని చెప్పాడు లలిత్. విప్పిన రైఫిలును బిగించే తీరిక లేక ఎల్లయ్య గోనెసంచిలో వేసి ఇచ్చాడు. తండ్రి భుజాన చూసిన వస్తువు సంచిలో గలగలమంటుంటే మునినారాయణప్పకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాలిష్ ఇలా కూడా పెడతారా అని మాత్రం అడిగారు.

ఆయుధపూజనాడు పీట మధ్యలో చోటు ఖాళీగా ఉంది. హారతి వెలిగించబోతుండగా వెంకటగిరియప్ప గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నా వల్ల నీకు ప్రాణభయం ఉండాదని రాసిచ్చినావంట. నేనేం చేసినానప్పా నిన్ను?"

మునినారాయణప్ప తెల్లబోయారు. దాచే దారిలేక లలిత్ మొత్తం చెప్పుకొచ్చాడు. చివర్లో కాస్త ఛాతీ కూడా విరిచాడు. "తూటా దొరకట్లేదని రోజూ ఫీలయింది మీరే కదా మావయ్యగారూ. నేను సాల్వ్ చేద్దామనుకున్నాను."

వంటింట్లోంచి అత్తగారు లక్ష్మమ్మ చేతిలో గరిటెతోనే వచ్చారు. "తూటా సిక్కదని ఒట్టేసినాకనే గదప్పా ఈ పీడను ఇంట్లో ఉండనిచ్చినా. మీ మామ దినామూ ఆ మాట చెప్పేది నాకు, నీకు గాదు."

వెంకటగిరియప్ప చెప్పులు విడిచి లోపలికొచ్చి, మునినారాయణప్ప పక్కన చాప మీద కూర్చున్నాడు. రేపే ఫిర్యాదు వాపసు తీసుకుంటానని, ఆ తుపాకి బొట్టు పెట్టించుకోవడానికి తప్ప పనికిరాదని తానే స్టేషన్లో చెబుతానని అన్నాడు. "నీకు ప్రాణభయం ఉండేది నిజమే అప్పా," అని లలిత్ వైపు చూపించాడు. మునినారాయణప్ప నవ్వలేక నవ్వారు. ఎన్నాళ్ళకో ఆ ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చారు.

ఆ ఏడాది మిక్సీకి కుంకుమ పెట్టే భాగ్యం వెంకటగిరియప్పకు దక్కింది.