వెంట్రుక రాలని వేటకుక్క

చింతామణిలో మోటారు పంపుల అంగడి నడుపుకొనే పురుషోత్తమ్‌కు వేటకుక్క మీద మనసు పోవడానికి కారణం పిట్టలు కాదు, ఒక మేక. అది కూడా బతికున్న మేక కాదు.

ఉగాది మరునాడు హొసతొడకు. ముందురోజు ఒబ్బట్లు తిన్న నోటికి మరునాడు మాంసం తగలకపోతే ఆ సీమలో ఏడాది మొదలైనట్టే లెక్క కాదు. ఊళ్లోవాళ్లు తలా ఇంత వాటా డబ్బు వేసి, పాలు కలిసి మేకను కోసుకొని, మాంసాన్ని ఆకుల మీద గుడ్డెలు, అంటే కుప్పలు, పోసి పంచుకుంటారు. పోయిన ఏడాది బాగేపల్లి దగ్గరి అత్తవారి ఊళ్లో గుడ్డె తెచ్చే పని పురుషోత్తమ్‌కు పడింది. అతను లేచి, తల దువ్వుకొని, అద్దంలో ఆ పక్కా ఈ పక్కా చూసుకొని, సావకాశంగా వెళ్లేసరికి ఎముకల గుడ్డె ఒక్కటే మిగిలింది.

మామ చెన్నరాయప్ప సంచిలోకి తొంగిచూశాడు.

"ఏమప్పా అల్లుడా, మేకను తెమ్మంటే మేక ఎక్స్‌రే తెస్తివే."

ఇల్లంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది పురుషోత్తమ్ భార్య అంబిక. హొసతొడకు నాడు ఎలా ఉంటే ఏడాదంతా అలాగే ఉంటుందని అక్కడి నమ్మకం. నిజంగానే ఆ ఏడాదంతా అతను ఏ పెళ్లి పందిట్లో కూర్చున్నా ఆకులోకి ఎముకలే వచ్చాయి.

పౌరుషం వచ్చి అక్కడే మాట ఇచ్చేశాడు. "వచ్చే ఏడాదికి మీరు పాలు కలపొద్దు మామా. నా సొంత కుక్కతో కౌజు పిట్టలు పట్టించి తెస్తా."

చెన్నరాయప్ప వయసులో ఉండగా కౌజుల వేటలో మొనగాడు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు. "మాట తప్పవు కదా?" అన్నాడు. తప్పనన్నాడు అల్లుడు. ఆ మాట నిలబడితే అత్తవారింట్లో తలెత్తుకు తిరగవచ్చు. లేకపోతే బాగేపల్లి బస్సు ఎక్కడమే మానుకోవాలి.

కానీ కుక్క రావలసింది అంబిక ఇంట్లోకి. ఆమె ఇంటి దగ్గరే ఒబ్బట్లు చేసి చుట్టుపక్కల పెళ్లిళ్లకు పంపుతుంది.

"కుక్క మీద నాకేం కోపం లేదు. కోపమంతా వెంట్రుక మీద. నా ఒబ్బట్టులో ఒక వెంట్రుక కనపడిందంటే చింతామణిలో మళ్లా నా మొగం ఎవురికి చూపియ్యాల?"

"రాలని కుక్కనే తెస్తా."

"యాడుండాది అట్లాంటి కుక్క? తిరుపతికి పోయొచ్చిందా?"

"ఉంటాదిలే. లోకం పెద్దది."

"తెచ్చుకోండి. కానీ ఒక్క వెంట్రుక రాలినా, రాల్చినోళ్లు అరుగు మీదికే. మళ్లా లోపలికి వచ్చేది లేదు. సరేనా?"

సరేనన్నాడు పురుషోత్తమ్. చెయ్యి మీద చెయ్యి కూడా వేశాడు.

కుక్కను ఎంచుకోవడానికి అతను చాలా చదివాడు. అంబిక ఏమీ చదవలేదు, ఒక తెల్ల టవలు తీసుకుని బయలుదేరింది. కుక్క వీపు మీద దాన్ని ఒకసారి రుద్దుతుంది, విప్పి చూస్తుంది. అంతే పరీక్ష.

గౌరిబిదనూరులో ఒకాయన దగ్గర నల్ల ల్యాబ్రడార్ చూశారు. నీళ్లలో పడ్డ బాతును కూడా తెచ్చిస్తుందని చెప్పాడాయన. అంబిక టవలు రుద్దింది. టవలు కాస్తా కంబళి అయిపోయింది.

"ఇంగొక రెండుసార్లు రుద్దితే చలికాలానికి ఆగుతాది," అని ఆమె మెచ్చుకుంది.

చిక్కబళ్లాపురంలో ముధోళ్ కుక్కను చూశారు. సన్నగా, తీగలా ఉంది. వెంట్రుకలు ఉన్నట్టే కనిపించవు. పురుషోత్తమ్ ఇక ఇదేనని ముద్దు చేయబోయాడు. టవలు నిండా సూదుల్లాంటి పొట్టి వెంట్రుకలు గుచ్చుకున్నాయి. వాటిని ఏరడానికి అంబికకు పొద్దుగూకింది. ఏరినంతసేపూ మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

చివరికి బెంగళూరులో ఉండే స్నేహితుడు మోహన్‌కుమార్ ఫోన్లో దారి చూపించాడు. "పూడిల్ తీసుకోప్పా. ఒక్క వెంట్రుక రాలదు. దొరల దేశంలో పిట్టల వేటకే పుట్టిన జాతి అది. కొట్టిన పిట్టను నోట కరుచుకొని తెచ్చిస్తాది."

వేటకే పుట్టిన జాతి అనగానే పురుషోత్తమ్ కళ్లముందు పులి కదిలింది. ఫొటో కూడా అడక్కుండా పంపించమన్నాడు.

బెంగళూరు నుంచి వచ్చిన కారు తలుపు తనే తీశాడు. దిగింది పులి కాదు. నడుమెత్తు ఉంది, గోధుమరంగు ఉంగరాల జుట్టు ఒళ్లంతా కమ్ముకొని ఉంది. చెవులకు రిబ్బన్లు కట్టారు.

అంబిక దాని చుట్టూ తిరిగి చూసింది. "ఏమప్పా, కుక్కను తెస్తానని గొర్రెను తెచ్చినారే. ఇది మొరుగుతాదా, 'మే' అంటాదా?"

తండ్రి నోరు కూతురికి వచ్చిందని పురుషోత్తమ్ మరోసారి గుర్తించాడు. కానీ టవలు రుద్దితే తెల్లటి టవలు తెల్లగానే తిరిగివచ్చింది. రెండోసారి రుద్దినా అంతే. అంబిక మొదటిసారి కుక్క వంక ప్రేమగా చూసింది.

అతను దానికి వేటరాజు అని పేరు పెట్టాడు. సేమ్యా పోగుల్లాంటి ఆ జుట్టు చూసి అంబిక శావిగ అంది. వేటరాజా అని వీధంతా వినిపించేలా పిలిచినా అది చెవి కదిలించేది కాదు. వంటింట్లోంచి శావిగా అని సన్నగా అంటే చాలు, గిన్నెలు దాటుకుంటూ వెళ్లేది.

రాలని వెంట్రుక ఏమవుతుందో మోహన్‌కుమార్ చెప్పలేదు. పెరుగుతుంది. పెరిగి, కనిపించిందల్లా పట్టుకుంటుంది. కైవారం వైపు చేలల్లో మొదటిసారి తిప్పుకొచ్చిన రోజు పల్లేరుకాయలు, ఉత్తరేణి ముళ్లు, సగం చేను దాని ఒంటిమీదే ఇంటికి వచ్చాయి.

"దువ్వండి," అని అంబిక దువ్వెన చేతికిచ్చింది. "వేటగాడు మీరే కదా."

ఆ రోజు నుంచి అంగడి మూసి రాగానే అరుగు మీద కూర్చుని ముళ్లు ఏరడం అతని పని. కుక్క తల వాల్చి హాయిగా కళ్లు మూసుకునేది.

ఉగాది దగ్గరపడుతుండగా అసలు పిడుగు పడింది. పంపు బాగుచేయించుకోవడానికి వచ్చిన లక్ష్మణప్ప కౌజుల సంగతి విని బెదిరిపోయాడు.

"అడివిలో కౌజును కొడితే కేసప్పా. ఫారెస్టోళ్లు పట్టుకొనిపోతారు. కుక్కకు బెయిల్ దొరుకుతాదేమో గానీ నీకు దొరకదు."

పురుషోత్తమ్ చేతిలోని స్పానరు కింద పెట్టాడు. ఇంతకాలం పెంచింది వేటకుక్కను కాదు, జైలుకు దారిని. అయినా మామకు ఇచ్చిన మాట ఉంది. పాలు కలపొద్దని తానే అన్నాడు. ఆలోచించగా ఆలోచించగా బుర్రలో లైటు వెలిగింది. ఫారంలో పెంచిన కౌజుల్ని అంగట్లోనే అమ్ముతారు. మామ మల్బరీ తోటలో వాటిని ముందుగా వదిలిపెట్టి, తర్వాత కుక్కతో పట్టిస్తే సరి. పిట్టకు నుదుట రాసి ఉంటుందా ఏ ఊరిదో?

మంచేనహళ్లి నుంచి పిట్టల్ని తెచ్చి, అంగట్లో పంపు వచ్చిన అట్టపెట్టెలో దాచాడు. ప్యాంటు జేబులో సజ్జలు పోసుకుని పూటపూటా మేపాడు. అవి అతని అడుగుల చప్పుడు వింటే చాలు, పెట్టెలో గోల చేసేవి.

"మీ జేబుకు చిల్లి ఉండాది. ప్యాంటు ఇయ్యండి, కుడ్తా," అంది అంబిక.

"వద్దులే," అన్నాడు కంగారుగా.

ఆమె సరేనంది. మరీ తొందరగా సరేనంది. అతను గమనించలేదు.

పండగకు తలకు రంగు వేసుకుని, భార్యతో, కుక్కతో, పెట్టెతో అత్తవారింటికి చేరాడు. హొసతొడకు పొద్దున్నే ఎవరూ చూడకుండా పిట్టల్ని తోటలో వదిలి వచ్చి, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగాడు. తర్వాత మామనూ, అత్త అక్కయమ్మనూ, అంబికనూ వెంటబెట్టుకుని దర్జాగా తోటకు నడిచాడు.

గట్టు మీద వాళ్లను నిలబెట్టి, మీసం సవరించుకుని, "వేటరాజా, పట్టు," అని అరిచాడు.

కుక్క కూర్చుంది.

తనే తోటలోకి దిగి చప్పట్లు కొడుతూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. ఏ పిట్టా ఎగరలేదు.  చెన్నరాయప్ప కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అల్లుడా, మా కాలంలో కౌజుల ఎనకాల మేము పోతాంటిమి. ఇప్పుడేమో కౌజులే నీ ఎనకాల నడ్చుకొని వస్తాండాయే."

పురుషోత్తమ్ వెనక్కి తిరిగి చూశాడు. జేబు చిల్లిలోంచి సజ్జలు దారిపొడుగునా రాలాయి. పిట్టలన్నీ బడిపిల్లల్లా బారులు తీరి, ఏరుకుంటూ అతని మడమల దాకా వచ్చేశాయి. అతను నిలబడితే అవీ నిలబడ్డాయి.

అప్పుడు అంబిక మెల్లగా, "శావిగా, తీసుకొని రామ్మా," అంది.

కుక్క లేచింది. ఒక పిట్టను మెత్తగా నోట కరుచుకుని, తెచ్చి అక్కయమ్మ ఒళ్లో పెట్టింది. వెళ్లి ఇంకొకటి తెచ్చింది. అలా అన్నిటినీ తెచ్చింది. ఒక్క పిట్ట చావలేదు, ఒక్క ఈక ఊడలేదు. మోహన్‌కుమార్ అబద్ధం చెప్పలేదు. తెచ్చిస్తుందన్నాడు గానీ చంపి తెస్తుందని అనలేదు.

అక్కయమ్మ ఒడినిండా పిట్టలు తలలు ఎత్తి చూస్తున్నాయి. "ఇంత భద్రంగా తెచ్చి ఒళ్లో పెట్టినాక కోసేదానికి నాకి చేతులు రావప్పా," అని ఆమె వాటిని కోళ్లగంప కిందికి చేర్చింది.

పురుషోత్తమ్ ఇంటి దారి పట్టాడు. ఊరంతా మసాలా వాసన. మామ ఇంట్లో తప్ప. పాలు కలపనివ్వకుండా చేసింది తనే. ఈ ఏడాదంతా మామ ఇంట్లో పొయ్యి మీద మాంసం ఎక్కకపోతే ఆ పాపం తనదే. మామ ముఖం చూడలేక కళ్లు దించుకున్నాడు. నిజంగా ఏడుపు వచ్చింది.

ఇల్లు చేరేసరికి వంటింట్లోంచి ఘుమఘుమలు వస్తున్నాయి.

"నిన్ననే పాలు కలిపించినా," అంది అంబిక. "తెల్లారితోనే మంచి గుడ్డె వచ్చేసింది. పక్కింటామె పొయ్యి దగ్గర కూచోనుండాది."

"నీకెట్ల తెలుసు?"

"మీ అంగట్లో పంపు పెట్టె కూస్తాంటే ఈదిలో అందరికీ తెల్సు. ఇంట్లో ఉండేదాన్ని, నాకి తెలీదా?"

మిగిలిన పరువునైనా దక్కించుకుందామని పురుషోత్తమ్ గరిటె అందుకున్నాడు. మామ ముందు వంగి, రాగిముద్ద మీద పులుసు తనే వడ్డించాడు. చెన్నరాయప్ప ముద్ద తుంచబోయి ఆగిపోయాడు. పులుసులోంచి ఏదో పైకి లాగాడు.

వెంట్రుక.

అందరి చూపూ శావిగ మీదికి పోయింది. అది గుమ్మం దగ్గర తోక ఆడిస్తోంది.  మామ ఆకులో, అదీ హొసతొడకు నాడు.

అంబిక లేచింది. సంచిలోంచి తెల్ల టవలు తీసింది. కుక్క వీపంతా రుద్ది, విప్పి అందరికీ చూపించింది. తెల్లగా ఉంది. తర్వాత ఆ వెంట్రుకను వెలుతురుకు ఎత్తి పట్టింది. ఉంగరాలు లేవు, నిటారుగా ఉంది. పొడుగునా నలుపు, మొదలు దగ్గర మాత్రం తెలుపు.

"తల వంచండి," అంది మొగుడితో.

వంచాడు. ఒక్కసారే రుద్దింది. టవలు మీద వెంట్రుకలు గుప్పెడు వచ్చాయి. వాటి కింద రంగు కూడా దిగింది, పెనం తుడిచిన గుడ్డలా.

అక్కయమ్మ బుగ్గన వేలేసుకుంది. "కుక్కకు ఎంట్రుక రాల్లేదు, పిట్టకు ఈక రాల్లేదు. రాలేవన్నీ అల్లుడివేనా?"

"రాల్చినోళ్లు అరుగు మీదికే," అంది అంబిక. "చేతిలో చెయ్యి ఏసినారు."

మామ కొత్త ఆకు వేయించుకుని తృప్తిగా తిన్నాడు. అల్లుడి ఆకు అరుగు మీదికి వెళ్లింది. మధ్యాహ్నం లోపల ఫ్యాను కింద, అంబిక కాళ్ల దగ్గర శావిగ గుర్రుపెట్టి నిద్రపోయింది. బయట పురుషోత్తమ్ పక్కన గంప ఉంది. అందులోంచి పిట్టలు మెడలు చాచి అతని జేబు వంక చూస్తున్నాయి.

"అక్కయమ్మా," అని లోపలి నుంచి చెన్నరాయప్ప గొంతు వినిపించింది, "హొసతొడకు నాడు ఎట్లుంటే ఏడాదంతా అట్లే కదా?"

పురుషోత్తమ్ తల గోక్కోబోయాడు. ఇంకా ఏమైనా రాలుతుందేమోనని భయం వేసి, చెయ్యి దించేసుకున్నాడు.